శని, ఆదివారాల్లో ఊరి ఇల్లు బాగుచేసుకోవడం: చలికాలపు పని పద్ధతి

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ ఊళ్ళో ఉన్న పాత ఇంటిని బాగుచేసుకుందామనుకునే వాళ్ళు మొదట అడిగేది "ఎంతవుతుంది?" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ ఇల్లు ఎవరి చేతిలో ఉంటుందనేది మొదటిది. మనం ఉండేది రెండు రోజులు. సిమెంటుకు నీళ్ళు వారమంతా కావాలి, మట్టి వారమంతా నానాలి, సున్నం అంతకన్నా ఎక్కువే నానాలి. అందుకే నేను శనివారం ఏం చేయాలో ముందు రాసుకోను. ఆదివారం సాయంత్రం తాళం వేసేసరికి ఇల్లు ఎలా ఉండాలో రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటాను. నేను చేసేది అకౌంట్స్ ఉద్యోగం కాబట్టి ఈ వెనకలెక్క నాకు అలవాటే.

మేముండేది యలహంకలో. ఇల్లు బాగేపల్లి దాటాక ఒక పల్లెలో, తాతల నాటి పెంకుటిల్లు. బెంగళూరు నుంచి సుమారు నూరు కిలోమీటర్లు, హైదరాబాదుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదే. కర్ణాటకలో ఉన్నా ఊళ్ళో మాటంతా తెలుగే. గోడలు రాతివి, మట్టి అడుసుతో కట్టినవి. పైన మంగళూరు పెంకులు, కింద కడప బండలు. ఆ చుట్టుపక్కల పాత ఇళ్ళు చాలావరకు ఇలాగే ఉంటాయి కాబట్టి ఈ పద్ధతి మదనపల్లె, హిందూపురం, చింతామణి వైపు వాళ్ళకూ పనికొస్తుంది. మీది సిమెంటు డాబా అయితే ఇందులో సగం వదిలేయండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

చలికాలం అనగానే నవంబరులో పెంకులు దింపకండి. మనవైపు ఈశాన్య రుతుపవనాల వాన డిసెంబరు మొదటి వారాల దాకా ఉంటుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే, అది చెన్నై పక్క తీరం దాటినా ముసురు మనదాకా వస్తుంది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటితే, ఆ తర్వాత రెండు మూడు రోజులు బెంగళూరు తడుస్తూనే ఉంది. ఆ వారం ఎవరి ఇంటి కప్పు తెరిచి ఉందో వాళ్ళ అవస్థ ఊహించుకోండి. నవంబరులో కొలతలు తీసుకోవడం, సామాను తెచ్చుకోవడం, మట్టి పరీక్షలు పెట్టుకోండి. కప్పు పని డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి లోపల ముగించండి.

కూలీల సంగతి కూడా కేలెండరు చూసే తేల్చుకోవాలి. వేరుశనగ పీకడం అప్పటికే అయిపోయి ఉంటుంది గానీ రాగి కోతలు, నూర్పిళ్ళు ఇంకా నడుస్తుంటాయి. సంక్రాంతి వారం ఎవరూ రారు, పిలవకండి కూడా. కొత్త గుమ్మం ఎత్తాలంటే మాత్రం డిసెంబరు నడిమికి ముందే ఎత్తాలి, లేదా మాఘం దాకా ఆగాలి. మధ్యలో ధనుర్మాసం, పుష్యం వస్తాయి. మా బేల్దారి మామ, అంటే తాపీ పని చేసే మేస్త్రీ, పెంకులు దింపడానికి ఏ మాసమైనా సరే అంటాడు, గుమ్మం అనేసరికి "పండగైనాక చూద్దాంలే పాపా, ఇప్పుడెత్తితే ఊళ్ళో నన్నే అంటారు" అని పక్కకు తిరుగుతాడు. నమ్మకం మీకు లేకపోవచ్చు. పని చేసే మనిషికి ఉంది కదా, దానికి తగ్గట్టు ప్లాన్ మార్చుకోవడమే సుఖం.

ఇంకో లెక్క వెలుతురుది. డిసెంబరు, జనవరుల్లో ఆరున్నర దాటితే గాని పొద్దు పొడవదు, ఆరింటికి అటూ ఇటుగా చీకటి పడుతుంది. పొద్దున తొమ్మిదింటి దాకా పెంకుల మీద, బండల మీద మంచు తడి ఉంటుంది. అంటే బయట గట్టి పని రోజుకు ఏడెనిమిది గంటలే. పొద్దుటి మొదటి రెండు గంటలు ఇంటి లోపలి పనికి పెట్టుకోండి.

ప్రయాణం శుక్రవారం రాత్రే పెట్టుకుని అక్కడే పడుకోండి, లేదా బాగా తెల్లారాక బయల్దేరండి. తెల్లవారుజామున నాలుగింటికి మాత్రం వద్దు. దేవనహళ్ళి దాటాక నంది కొండ కింద పొగమంచు ఒక్కోసారి పది గజాల దూరం కూడా కనపడనివ్వదు, రోడ్డు పక్కన లారీలు ఆగి ఉంటాయి, సూర్యోదయం చూడడానికి కొండెక్కే బైకుల కుర్రాళ్ళు అదే టైముకు వస్తారు.

సామాను

ఇసుక, సిమెంటు, కట్టె, రాయి, అన్నీ ఊరి దగ్గరే కొనండి. బండి బాడుగ మిగులుతుంది, తేడా వస్తే వెనక్కి ఇవ్వడమూ తేలిక. ఇప్పుడు నది ఇసుక దొరకడం కష్టం. కట్టుబడికి ఎం సాండ్ (రాయి నలగ్గొట్టి చేసే ఇసుక), పూతకు దానికన్నా సన్నగా ఉండే పి సాండ్ అడగండి. బెంగళూరు నుంచి మోసుకెళ్ళాల్సినవి చిన్నవే: మంచి మాస్కులు, కళ్ళజోళ్ళు, రబ్బరు గ్లవుజులు, మరలు, విద్యుత్ సామాను. ఎస్పీ రోడ్డులో ఒక పూట తిరిగితే అన్నీ దొరుకుతాయి.

సిమెంటు ఒకేసారి ఇరవై బస్తాలు దింపించుకోకండి. చలికాలపు మంచుకు మూసి ఉన్న ఇంట్లో కూడా బస్తా చెమ్మ పీల్చి గడ్డకడుతుంది. ఆ రెండు రోజులకు ఎంత కావాలో అంతే తెచ్చుకోండి. మిగిలితే నేలకు జానెడు ఎత్తున చెక్క మీద, గోడకు తగలకుండా పెట్టి ప్లాస్టిక్ పట్టా కప్పండి.

పని వరస పైనుంచి కిందికి

కప్పు, కరెంటు పైపులు, గోడల పూత, నేల, తలుపులు, చివరికి సున్నం. ఈ వరస తప్పితే చేసిన పని మీదే మళ్ళీ దుమ్ము పడుతుంది. మా తమ్ముడికి మొదటి వారమే స్నానాలగదిలో టైల్స్ వేయించాలని ఆరాటం. వాడి ఆలోచనల్లో ఇంకోటి, మధ్య గోడ పడగొట్టి పెద్ద హాలు చేద్దామని. ఇలాంటి ఇళ్ళలో దూలాల బరువంతా ఆ గోడల మీదే ఉంటుంది. పాత ఇంట్లో ఏ గోడనైనా కదిలించాలంటే ఇంజనీరును పిలిచి చూపించండి. నా మాటైతే, మొదటి చలికాలం కొత్తది ఏదీ కట్టకండి, ఉన్నది నిలబెట్టుకోండి.

కప్పంతా ఒకేసారి విప్పకండి. ఆదివారం సాయంత్రానికి మళ్ళీ మూయగలిగినంత భాగమే శనివారం విప్పాలి. చదరపు మీటరుకు సుమారు పదిహేను మంగళూరు పెంకులు పడతాయి. ఆ లెక్కన ముగ్గురు మనుషులు ఎంత దింపి, కడిగి, తిరిగి ఎక్కించగలరో మొదటి రోజే తెలిసిపోతుంది. దింపిన ప్రతి పెంకునూ వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమంటే మంచిది. బొంగురుగా మోగితే లోపల చీలి ఉంది, పక్కన పెట్టేయండి.

పెంకు వెనక ఫ్యాక్టరీ ముద్ర ఉంటుంది, చూడండి. బాసెల్ మిషన్ వాళ్ళు మంగళూరులో 1865లో మొదటి పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. తర్వాత చాలా కంపెనీలు అదే పద్ధతిలో చేశాయి, కానీ కొలతల్లో, అంచు గాడిలో కొద్దిపాటి తేడాలున్నాయి. ఒక ముద్ర పెంకు ఇంకో ముద్ర పెంకులో సరిగా కూర్చోదు, ఆ సందులోంచే వాన దిగుతుంది. అందుకని తక్కువపడినవాటికి అంగట్లో కొత్తవి కొనేముందు, ఊళ్ళో పడగొట్టిన ఇళ్ళ దగ్గర అదే ముద్ర పెంకులు దొరుకుతాయేమో అడగండి. గోడల పక్కన పేర్చి పెట్టుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు. రెండు ముద్రలు కలపక తప్పదంటే, ఒక వాలు మొత్తం ఒకటి, రెండో వాలు మొత్తం ఇంకొకటి వేయండి.

పెంకులు దింపాక రీపర్లను (పెంకులు కూర్చునే సన్న కట్టెలు), వాటి కింది వాసాలను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మొన మెత్తగా దిగితే ఆ కట్టె పోయినట్టే. వాసం గోడలో దూరే చోటు ముఖ్యంగా చూడాలి, చెదలు అక్కడి నుంచే ఎక్కుతాయి. కొత్త రీపర్లు కొట్టేటప్పుడు టేపు కొలతను నమ్ముకోకండి. మీ పెంకులు రెండు తీసుకుని, ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోబెట్టి, వాటి కొక్కేల మధ్య దూరాన్ని ఒక చెక్కముక్క మీద గీసుకోండి. ఆ చెక్కే కొలబద్ద. వంటగది మీద ఒకటి రెండు గాజు పెంకులు వేయిస్తే పగలు బల్బు అక్కర్లేదు.

పైకెక్కే మనిషి తొమ్మిదిన్నర లోపల ఎక్కకూడదు. పాచి, మంచు కలిస్తే పెంకు సబ్బులా జారుతుంది. కాలు వాసాల మీద అడ్డంగా వేసిన పలక మీదే పెట్టాలి, నడుముకు తాడు ఉండాలి. మనలాంటి వాళ్ళు కింద నిలబడి పెంకులు అందుకోవడమే మర్యాద. పాత పెంకుల కుప్పలను, కట్టెల కుప్పలను ఉత్త చేత్తో ఎత్తకండి. తేళ్ళు అక్కడే ఉంటాయి, చలికి పాములు కూడా అలాంటి చోటే ముడుచుకుంటాయి. ముందు గడ్డపారతో కదిపి, కాసేపాగి, గ్లవుజులు వేసుకుని తీయండి. పాము కరిస్తే కట్లు, కోతలు, నాటు మందులు ఏవీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలనీయకుండా నేరుగా తాలూకా ఆసుపత్రికి, లేదా 108కి. వెనకాల రేకుల పంచ ఉంటే, పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుందని గుర్తుపెట్టుకోండి. వాటిని పగలగొట్టడం, రంపంతో కోయడం చేయకండి. నీళ్ళతో తడిపి, మాస్కు వేసుకుని, బోల్టులు విప్పి నిండు రేకుగా దింపండి.

గోడలు

ఇక్కడే అసలు పని, చలికాలం కలిసొచ్చేదీ ఇక్కడే.

మట్టి అడుసుతో కట్టిన రాతి గోడకు సిమెంటు పూత పట్టదు. మా ఇంట్లో ఎప్పుడో ఒక చిన్నాన్న మంచి చేద్దామనే సిమెంటు పూయించాడు. అది కిందినుంచి మోకాలెత్తు దాకా పెచ్చులు పెచ్చులుగా ఊడింది. నేలలోని చెమ్మ గోడ గుండా పైకెక్కుతుంది. మట్టి, సున్నం పూతలోంచైతే గాలికి ఆరిపోతుంది. సిమెంటు దానికి దారివ్వదు, లోపలే ఉండి ఉప్పు తేలి పూతను తోసేస్తుంది. అందుకని ముందు ఆ సిమెంటు పూతను ఉలి, సుత్తితో నెమ్మదిగా ఊడగొట్టాలి. ఇది ఎవరైనా చేయగల పని, కోపం ఉన్నవాళ్ళు ఇంకా బాగా చేస్తారు. రాళ్ళ సందుల్లో వదులైన మట్టిని గీకి, తడి గుడ్డతో దుమ్ము తీసి వదిలేయండి. వారం ఆరనివ్వండి.

మట్టి పూతకు మన్ను ఎక్కడిది తీసుకోవాలో ఊళ్ళో పెద్దవాళ్ళకు తెలుసు. అయినా సీసా పరీక్ష చేయండి. గాజు సీసాలో మూడోవంతు మన్ను, మిగతా నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి శనివారం పొద్దున బాగా కుదిపి కదలని చోట పెట్టండి. ఇసుక నిమిషంలో అడుక్కు దిగుతుంది, దాని మీద ఒండ్రు, అన్నిటికన్నా పైన బంక. ఆదివారానికి పొరలు విడివిడిగా కనిపిస్తాయి. బంక పొర మూడోవంతుకు మించితే ఆ మన్ను ఒట్టిగా వాడితే నెర్రెలిస్తుంది, ఇసుక కలపాలి.

ఎంత కలపాలో పుస్తకం చెప్పదు, గోడే చెప్పాలి. మన్నుకు సమానంగా ఇసుక ఒకటి, ఒకటిన్నర రెట్లు ఒకటి, రెండు రెట్లు ఒకటి, మూడు మిశ్రమాలు చేసి అడుగు అడుగు చదరం గోడకు పూసి, పక్కన బొగ్గుతో లెక్క రాసి బెంగళూరు వచ్చేయండి. శనివారం వెళ్ళేసరికి ఏది నెర్రెలిచ్చిందో, ఏది వేలితో రుద్దితే రాలుతోందో తెలిసిపోతుంది. నెర్రెలివ్వనిది, రాలనిది మీ పాళ్ళు. ఆ పరీక్షకు మనం అక్కడ ఉండాల్సిన అవసరమే లేదు.

పాళ్ళు తేలాక ఆదివారం మధ్యాహ్నం గుంటలో మన్ను, ఇసుక, రెండంగుళాల ముక్కలుగా నరికిన రాగి గడ్డి వేసి, నీళ్ళు పోసి కాళ్ళతో తొక్కండి. వరిగడ్డి ఉన్నా సరే. పిల్లలుంటే వాళ్ళకప్పగించండి, పిలవకుండానే వస్తారు. బాగా తొక్కాక పైన నీళ్ళు నిలిచేలా చేసి గోనె పట్టాలు కప్పి వదిలేయండి. వారానికి పులిసి, గడ్డి మెత్తబడి, వాసన కొడుతూ, చేతికి జిగటగా వస్తుంది. ఆ వాసన గోడ ఆరాక పోతుంది. కూలీలు ఎదురుగా ఉన్నారని అప్పటికప్పుడు కలిపి పూసేయాలనే తొందర వద్దు.

పూసేముందు గోడను తడపాలి. మొదటి పొర అరంగుళం మందం. తాపీతో విసిరికొట్టి పట్టించి, ఆరకముందే పుల్లతో అడ్డదిడ్డంగా గీతలు గీయండి. రెండో పొర వారం తర్వాత, దానికన్నా పలచగా, గడ్డి తక్కువగా, మన్ను జల్లెడ పట్టి. ఏప్రిల్‌లో ఇదే పని చేస్తే పొద్దున పూసింది మధ్యాహ్నానికి పైన ఎండి లోపల పచ్చిగా ఉండి పగులుతుంది. చలికాలంలో నెమ్మదిగా ఆరుతుంది, గోడంతా ఒకేలా బిగుస్తుంది. అయితే గాలి ఆడాలి. కిటికీ రెక్కలు మూసేసి పోతే బూజు పడుతుంది. కిటికీలకు దోమతెర లాంటి ఇనుప జాలీ కొట్టించి రెక్కలు తెరిచే పోండి. ఆదివారం రెండు తర్వాత కొత్తగా పూత మొదలుపెట్టకండి, సగం గోడ దగ్గర చీకటి పడుతుంది.

సున్నం కూడా ఆదివారం నానబెట్టుకునేదే. ఇనుప పీపాలో ముందు నీళ్ళు పోసి, తర్వాత కాల్చిన సున్నపురాళ్ళు కొన్ని కొన్నిగా వేయాలి. సున్నం మీద నీళ్ళు పోయకూడదు, ఎగజిమ్ముతుంది. నీళ్ళు సలసలా మరుగుతాయి. కళ్ళజోడు, గ్లవుజులు లేకుండా ఆ పీపా దగ్గరికి ఎవరినీ రానివ్వకండి. కంట్లో పడితే ధారగా నీళ్ళు పోసి కడుగుతూనే ఉండాలి, తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. చల్లారాక పైన రెండు వేళ్ళ మందం నీళ్ళు నిలిచేలా చూసి, బరువైన మూత పెట్టి కనీసం రెండు వారాలు ఉంచండి. ఎన్నాళ్ళు నానితే అంత వెన్నలా వస్తుంది. పాత మేస్త్రీలు గారలో కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపేవాళ్ళు. మా బేల్దారి మామ ఇప్పటికీ కలుపుతాడు, నేను అడ్డు చెప్పను.

వెల్ల వేయడానికి ఆ సున్నాన్ని పాలలా పలచగా కలిపి, బట్టతో వడకట్టి, కొంచెం నీలిమందు కలపండి. తడిపిన గోడ మీద ఒక పూత వేస్తే ఏమీ కనపడదు, కూలి దండగైందనిపిస్తుంది. ఆరేకొద్దీ తెల్లబడుతుంది. చిక్కగా ఒకసారి వేసే బదులు పలచగా నాలుగైదు సార్లు వేయాలి. శనివారం రెండు, ఆదివారం రెండు సరిపోతాయి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది, దానికి కొంచెం తడి ఉండాలి. ఎండాకాలం వేసిన వెల్ల చొక్కాకు అంటుకోవడానికి కారణం అదే, గట్టిపడేలోపలే ఎండిపోతుంది.

సిమెంటు తప్పని చోట్లు

స్నానాలగది, వంటగట్టు, నీళ్ళ ట్యాంకు దిమ్మె. ఇప్పుడు అంగట్లో దొరికే బస్తాలు ఎక్కువగా పీపీసీ, అంటే బూడిద కలిసిన సిమెంటు. దానికి కనీసం పది రోజులు తడి ఆరకుండా చూడాలి. మామూలు ఓపీసీకైనా ఏడు రోజులు. రాత్రి పన్నెండు, పదమూడు డిగ్రీలకు దిగే రోజుల్లో సిమెంటు బలం నెమ్మదిగా పుంజుకుంటుంది కాబట్టి ట్యాంకు నింపడానికి తొందరపడకండి. చలి కదా ఆరదులే అనుకోవద్దు, పగటి పొడి గాలికి బాగానే ఆరుతుంది.

అందుకని సిమెంటు పని ఎప్పుడూ శనివారం పొద్దునే. ఆదివారం పొద్దుటి నుంచి మీ చేత్తో నీళ్ళు కొట్టి, గోనె పట్టాలు కప్పి, తడిపి, మీద ప్లాస్టిక్ పట్టా బిగించి రావచ్చు. ఆ తర్వాత ఊళ్ళో మనిషి కావాలి. మాకు పక్కింటి అత్త ఉంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పట్టాలు తడుపుతుంది, వాళ్ళ మనవడు ఫోనులో ఫోటో పంపుతాడు. దీన్ని సాయంగా అడగకండి. ఆదివారం బయల్దేరేముందు వారం డబ్బు చేతిలో పెట్టండి. సాయం రెండు వారాలకు మరుపొస్తుంది, జీతం మరుపురాదు. మా అత్త మొదట "మీ తాత ఇంటికి నీళ్ళు పోయడానికి డబ్బేందే?" అని కసిరింది. రెండోసారి తీసుకుంది.

భోజనం కూడా ఆమె దగ్గరే మాట్లాడుకున్నాం. మనమే వండుకుందామని స్టవ్ మోసుకెళ్తే శనివారంలో సగం అక్కడే పోతుంది. పైగా ఈ కాలంలో అనపకాయలు వస్తాయి. సంగటి, పితికిన పప్పు దొరికే ఇంటి పక్కన ఉండి నూడుల్స్ వండుకునేవాళ్ళను నేను బాగుచేయలేను. తాగే నీళ్ళు మాత్రం ఊరి శుద్ధ నీటి కేంద్రం నుంచి క్యాన్లో పట్టుకోండి. ఆ ప్రాంతపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ.

నేల, కరెంటు

కడప బండలు కుంగితే బండను ఎత్తి, కింద ఇసుక సర్ది, మట్టం చూసి మళ్ళీ పరవడమే. వాటి మీద పడిన సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ పోస్తామంటారు, పోయనివ్వకండి. కడప బండ సున్నపురాయి జాతిది, యాసిడ్ మరకతోపాటు బండనూ తినేసి తెల్ల మచ్చలు మిగులుస్తుంది. గీకుడు కత్తి, సబ్బు నీళ్ళు, కొబ్బరి పీచు చాలు.

కరెంటు పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనుదే. మీరు చూసుకోవాల్సినవి: 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్చి) పెట్టించడం, ఎర్తింగ్ గుంట ఉందో లేదో చూడడం, గోడ పూతకు ముందే పైపులు వేయించడం. వానల్లేని నెలల్లో ఎర్తింగ్ గుంట ఎండిపోతుంది, వెళ్ళినప్పుడల్లా ఒక బిందె నీళ్ళు పోయండి.

తలుపులు, కిటికీలు

చలికాలపు పొడి గాలికి చెక్క ముడుచుకుంటుంది. జనవరిలో చక్కగా సరిపోయేలా చిత్రిక పట్టిన తలుపు ఆగస్టు వానలకు ఉబ్బి బిగుసుకుంటుంది. అందుకని వడ్రంగితో తలుపుకూ గుమ్మానికీ మధ్య రెండు రూపాయల బిళ్ళలు రెండు కలిపి దూరేంత సందు వదలమని చెప్పండి. సందుందని ఆయనకే నచ్చదు, చేతకానట్టు కనిపిస్తుందని. పట్టుబట్టండి.

పాత టేకు, వేప తలుపుల మీద పెయింటు పొరలుంటే గీకించి, అవిసె నూనె రుద్దండి. పలచగా రుద్దడం, మిగిలింది తుడిచేయడం, వారం ఆరనివ్వడం, మళ్ళీ రుద్దడం. ఇది కూడా వారాంతపు మనుషుల కోసమే పుట్టిన పని. ఒక్క జాగ్రత్త ప్రాణం మీదికి రాకుండా చూస్తుంది: అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేసి తాళం వేసి పోకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండగా ఉంటే వేడి బయటికి పోలేక ఎవరూ అంటించకుండానే మంట రావచ్చు. గుడ్డలను బయట రాయి మీద విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళ బకెట్లో ముంచి పెట్టండి.

చెదల మందు కొట్టిస్తే డబ్బా మీది పాళ్ళే వాడండి, బావి, తాగునీటి తొట్టి పక్కన వద్దు. ఆ రాత్రి ఆ గదిలో పడుకోవద్దు. బయటి గోడకు పెయింటు వేస్తే పది నుంచి మూడు మధ్యే వేయండి. ఆ తర్వాత వేసింది ఆరకముందే మంచు పడుతుంది.

ఆదివారం సాయంత్రం

నాలుగింటికి పని ఆపండి, ఎంత ఊపులో ఉన్నా సరే. తాపీలు, గమేళాలు కడగాలి, పనిముట్లు లెక్క చూసి పెట్టెలో పెట్టాలి, కప్పులో మూయకుండా ఏమైనా మిగిలితే దాని మీద టార్పాలిన్ తాళ్ళతో కట్టాలి, మెయిన్ ఆపాలి, గోనె పట్టాలు తడపాలి. ప్రతి గోడకూ టేపు ఆనించి ఫోటో తీసుకోండి. బుధవారం వడ్రంగి ఫోను చేసి కిటికీ కొలత అడిగితే ఆఫీసు నుంచే చెప్పొచ్చు. సున్నానికీ సిమెంటుకూ చేతులు పగిలిపోయి ఉంటాయి, కడుక్కుని కొబ్బరినూనె రాసుకోండి.

అయిదింటికి బయల్దేరితే చిక్కబళ్ళాపురం దగ్గర ఆదియోగి విగ్రహం, నంది కొండ చూసి తిరిగొచ్చే జనమంతా మీతోపాటే హెబ్బాళ దాకా వస్తారు. మేమైతే అత్త ఇంట్లో తిని ఎనిమిది దాటాక కదులుతాం.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అక్కడితో మట్టి, సున్నం పనులు ఆపేయండి. మిగిలితే వచ్చే ఏటికి. ఎండలు ముదిరాక చెక్కకు నూనె, కరెంటు, కిటికీ జాలీల లాంటివి చేసుకోవచ్చు. ఏప్రిల్‌లో మామిడి జల్లులు పడే వారాంతం మాత్రం తప్పకుండా ఊళ్ళో ఉండేలా చూసుకోండి. వాన పడుతుండగా చాక్‌పీసు, టార్చిలైటు పట్టుకుని గది గదీ తిరిగి, తడి కనిపించిన ప్రతి రీపరు మీదా గుర్తు పెట్టండి. నీళ్ళు వాసం వెంట జారి వేరే చోట కారతాయి కాబట్టి చుక్క పడిన చోటు కాదు, దానికన్నా పైన తడి ఎక్కడ మొదలైందో అక్కడ పెట్టాలి గుర్తు. వాన వెలిసి పెంకులు ఆరాక బేల్దారిని పిలిపించి, గుర్తున్న చోట పెంకు మార్పించండి.